కొత్తపట్నం ఒడ్డున దొరికిన నీలి జీవి: రెండు ఫొటోల్లో రెండు రంగులు, ఇది ఒకటేనా?

కొత్తపట్నం దారి · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. కార్తీక మాసం కదా, ఈ ఉదయం సముద్ర స్నానానికి కొత్తపట్నం వెళ్లాం. రెండు రోజులుగా తూర్పు గాలి గట్టిగా వీస్తోంది. తడి ఇసుక మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా, చుట్టూ నీలి కుచ్చులతో ఏవో చాలా పడి ఉన్నాయి. వాటి మధ్య మా అబ్బాయికి ఒక వింత జీవి కనిపించింది. వాడికి తొమ్మిదేళ్లు. అది బల్లి పిల్లలా సన్నగా ఉంది. పక్కలకు రెక్కల్లాంటివి, ఆ రెక్కల చివర సన్నటి వేళ్లు. వాడు చెయ్యి చాచేలోపే మా మామగారు "ముట్టుకోవద్దు నాయనా, సముద్రంలో అంత నీలంగా ఉన్నదాన్ని నమ్మకూడదు" అని ఆపారు.

ఇసుక మీద ఉన్నప్పుడు అది వెండి పూత పూసినట్టు బూడిద రంగులో ఉంది (మొదటి ఫొటో). ప్లాస్టిక్ మగ్గులో సముద్రపు నీళ్లు పట్టి, చెయ్యి తగలకుండా అందులోకి తీసుకున్నాం. నీళ్లు తగలగానే మెల్లగా తిరగబడి పైకి తేలింది. చూస్తే ముదురు నీలం (రెండో ఫొటో). మా అబ్బాయి "అమ్మా, ఇది వేరేది, ఆ పాతది ఏమైంది?" అని ఒకటే కంగారు. కాసేపు చూసి, నడుము లోతు నీళ్లలోకి వెళ్లి వదిలేశాం.

ఇది ఏమిటి? వదిలి మంచి పని చేశామా? వాడు నిద్రపోకుండా అడుగుతున్నాడు.

పెన్నా గట్టు · ఆదివారం, రాత్రి 9:40

ఇది సముద్రపు జలగ అనుకుంటాను. రెండు ఫొటోల్లో ఉన్నవి కచ్చితంగా రెండు వేరు వేరు జీవులు. ఒకటి బూడిద రంగు, ఒకటి నీలం. వదలకుండా ఉండాల్సింది. మా నాయనమ్మ పెరట్లో గుల్లలేని నత్త కనిపిస్తే ఉప్పు చల్లేది, అంతటితో అది పోయేది. కార్తీక స్నానాలకు చిన్నపిల్లలు చెప్పులు లేకుండా తిరిగే చోటు అది. ప్రమాదమైనదాన్ని తిరిగి నీళ్లలో వదిలితే ఎలా?

సింగరాయకొండ రైలు · ఆదివారం, రాత్రి 10:05

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తర్వాత చెన్నై బీసెంట్ నగర్ తీరానికి ఇలాంటివే కొట్టుకొచ్చాయని వార్తల్లో చూశాను. 'నీలి డ్రాగన్' అని రాశారు. మన వైపు కూడా వస్తాయని తెలియదు.

నెల్లూరు జంతుశాస్త్రం · సోమవారం, ఉదయం 6:20

అమ్మా, మీ ఇద్దరు పెద్దవాళ్లకూ ఆ చిన్నవాడికీ ముందుగా నా అభినందనలు. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం పాఠం చెప్పాను. సీసాలో ఫార్మలిన్‌లో రంగు వెలిసిన నమూనానే తప్ప, బతికి ఉన్నదాన్ని నేను చూడలేదు. మీ రెండో ఫొటో తెరిచి చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

రెండూ ఒకటే జీవి. దాని శాస్త్రీయ నామం గ్లాకస్ అట్లాంటికస్. పేరులో అట్లాంటిక్ ఉన్నా హిందూ మహాసముద్రంలోనూ, పసిఫిక్‌లోనూ ఉంటుంది. జార్జ్ ఫార్‌స్టర్ 1777లో దీన్ని వర్ణించాడు. సాధారణంగా మూడు సెంటీమీటర్లు మించదు.

రంగుల సంగతి చెబుతాను. ఇది జీవితమంతా నీటి పైపొరలో వెల్లకిలా తేలుతుంది. గాలి బుడగ మింగి కడుపులో దాచుకుంటుంది, ఆ బుడగే దాన్ని తేలుస్తుంది. కాబట్టి ఆకాశం వైపు ఉండేది పొట్ట, లోతు వైపు ఉండేది వీపు. నీలంగా మెరిసేది పొట్ట. వెండి బూడిద రంగులో ఉన్నది వీపు. పై నుంచి చూసే పక్షికి నీలి నీటిలో నీలి పొట్ట కలిసిపోతుంది. కింది నుంచి చూసే చేపకు వెలుతురు నిండిన నీటి పైకప్పులో వెండి వీపు కలిసిపోతుంది. చాలా చేపల్లో వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఉండడం మనందరం చూస్తాం. ఇక్కడా అదే లెక్క, జీవి తలకిందులైంది కాబట్టి రంగులూ తారుమారయ్యాయి. ఇసుక మీద వీపు పైకి పడింది, మగ్గులో తన అలవాటు ప్రకారం తిరగబడింది. మీ అబ్బాయి చూసింది సరిగ్గా ఇదే. పాఠం చెప్పకముందే పిల్లవాడు ప్రయోగం చేసేశాడు.

పెన్నా గట్టు గారూ, ఇది జలగ కాదు. జలగ వానపాముల వర్గానిది. ఇది నత్త. గుడ్డు నుంచి బయటికి వచ్చిన పిల్లకు చిన్న గుల్ల ఉంటుంది, రూపం మారేటప్పుడు దాన్ని వదిలేస్తుంది. వీటిని నగ్నమొప్పల నత్తలు అంటారు, ప్రపంచంలో సుమారు 3000 జాతులు తెలుసు. ఇక ఉప్పు గురించి: పెరటి నత్త మీద ఉప్పు చల్లితే ఒంట్లో నీరు బయటికి లాగేసి చస్తుంది. ఈ జీవి పుట్టి పెరిగింది లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న నీళ్లలో. దాని ఒంట్లోని ద్రవాలు కూడా దాదాపు అంతే ఉప్పగా ఉంటాయి. దీన్ని చంపేది ఉప్పు కాదు, మంచినీళ్లు.

కొత్తపట్నం దారి · సోమవారం, ఉదయం 7:02

మాస్టారూ, ఒళ్లు జలదరించింది. మా అబ్బాయి మొదట తాగే నీళ్ల సీసా మూత తీసి మగ్గులో పోయబోయాడు. "దాని నీళ్లు దానికే ఉంచు" అని మామగారే సముద్రపు నీళ్లు పట్టించారు. ఆయన జీవితమంతా పొగాకు బేరన్ల దగ్గర పనిచేశారు, జీవశాస్త్రం చదవలేదు.

తుమ్మలపెంట వల · సోమవారం, మధ్యాహ్నం 1:30

నమస్కారం. మాది కావలి దగ్గర తుమ్మలపెంట, వేట మా వృత్తి. ఆ గుండ్రటి నీలి బిళ్లలు మాకు బాగా తెలుసు. గాలి ఒడ్డు వైపు తిరిగిన రోజుల్లో అలివి వల (ఒడ్డుకు లాగే పెద్ద వల) లాగితే వలంతా అవే. వాటితో పాటు ఈ వేళ్లున్న నీలిది కూడా అప్పుడప్పుడు ఒకటో రెండో వస్తుంది. దీనికి మా దగ్గర ప్రత్యేకంగా పేరు లేదు, చెత్తలో కలిపి దులిపేస్తాం.

మాస్టారుగారిని ఒకటి అడగాలి. ఇది తగిలినప్పుడు ఒకసారి చీమ కుట్టినంత కూడా ఉండదు. మరోసారి నిప్పు తగిలినట్టు మండి, చెయ్యి భుజం దాకా లాగుతుంది. జీవి చూస్తే అదే, రంగూ అదే. ఎందుకిలా? మా తమ్ముడికి మంట పుట్టింది, నాకు ఏమీ కాలేదు. వాడి చర్మం మెత్తన అనుకుని ఊరుకున్నాం.

నత్తగుల్ల · సోమవారం, సాయంత్రం 5:48

అన్నా, మీరు అడిగిన ప్రశ్న వెనక పెద్ద కథ ఉంది. నేను నెల్లూరులో సముద్ర జీవశాస్త్రం చదువుతున్నాను. మాస్టారుగారు తప్పులుంటే దిద్దాలి.

ఈ నత్తకు సొంత విషం లేదు. దాని ఆయుధం మొత్తం తిండి నుంచి వచ్చినదే. మీరు చెప్పిన నీలి బిళ్లల పేరు పోర్పిటా, అవి జెల్లీ చేపల బంధువులు. చిన్న తెరచాప ఉన్న వెలెల్లా అని మరొకటి ఉంది. వీటన్నిటికంటే భయంకరమైనది ఫైసాలియా, గాలి నిండిన నీలి సంచిలా తేలుతుంది, దాని కింద దారాలు కొన్ని మీటర్ల పొడవు వేలాడతాయి. ముంబయి జుహూ తీరానికి వానాకాలంలో వచ్చి జనాన్ని కుట్టేది అదే. ఈ మూడింటికీ దారాల్లో కుట్టే కణాలుంటాయి. ఒక్కో కణంలో సూక్ష్మమైన సంచి, అందులో చుట్ట చుట్టిన బోలు దారం. తాకగానే ఆ దారం బాణంలా దూసుకొచ్చి విషం ఎక్కిస్తుంది.

మన నత్త వీటిని తింటుంది. కుట్టే సంచుల్లో కొన్ని జీర్ణం కావు. దాని జీర్ణగ్రంథి కొమ్మలు రెక్కల వేళ్లలోకి కూడా పాకి ఉంటాయి. ఒక్కో వేలి కొసన చిన్న గది ఉంటుంది, పేలని సంచులు అక్కడికి చేరి నిల్వ ఉంటాయి. ఏదైనా వచ్చి పట్టుకుంటే కండరం బిగుసుకుని, వేలి కొసనున్న రంధ్రం గుండా అవి బయటికి వచ్చి పేలతాయి. ఫైసాలియాను తిన్న నత్త వేళ్లలో ఫైసాలియా బాణాలే, అవి కూడా ఒత్తుగా ఒకచోట పేర్చినవి. అందుకే ఒక్కోసారి అసలు ఫైసాలియా కంటే ఇదే ఎక్కువ మండిస్తుంది. ఆస్ట్రేలియాలో ఈతకు దిగినవారిని ఇది కుట్టిన సంగతి, ఆ కుట్టే సంచులు ఫైసాలియావే అన్న సంగతి 1969లో సైన్స్ పత్రికలో వచ్చాయి.

పోర్పిటా మనుషులను పెద్దగా కుట్టదు. మీకు తగిలిన నత్త పోర్పిటాలు తిని ఉంటుంది, మీ తమ్ముడికి తగిలినది ఫైసాలియాను తిని ఉంటుంది. నేను ఊహిస్తున్న కారణం ఇది.

తుమ్మలపెంట వల · సోమవారం, సాయంత్రం 6:15

తమ్ముడికి మంట పుట్టిన రోజు వలలో నీలి సంచులు ఉన్నాయి. పొడవు దారాలవి. బాగా గుర్తుంది, ఆ రోజు వల మొత్తం వదిలేసి ఇంటికి వచ్చాం.

నెల్లూరు జంతుశాస్త్రం · సోమవారం, సాయంత్రం 6:31

అమ్మాయీ, దిద్దడానికి ఏమీ లేదు. తుమ్మలపెంట అన్న చెప్పిన ఈ ఒక్క మాట నా పుస్తకాల్లో లేదు. ఒకే జీవి ఒకరికి మండి మరొకరికి మండకపోవడాన్ని గమనించి, చాలా కాలం మనసులో పెట్టుకుని అడిగారు చూడండి, పరిశీలన అంటే అదే.

పెన్నా గట్టు · సోమవారం, రాత్రి 8:10

జలగ అన్నందుకు, ఉప్పు అన్నందుకు మన్నించండి. కానీ నాకు ఒకటి అర్థం కావడం లేదు. తాకితేనే పేలే బాణాలు కదా. ఈ నత్త వాటిని నోటితో కొరికి, మింగి, కడుపులోంచి వేళ్ల దాకా తీసుకెళుతుంటే దారిలో ఎందుకు పేలవు? టపాకాయలు నమిలి మింగి, పేలకుండా జేబులో పెట్టుకున్నట్టుంది.

నత్తగుల్ల · సోమవారం, రాత్రి 9:25

మంచి ప్రశ్న, నేను కూడా తరగతిలో ఇదే అడిగాను. చాలా పేలతాయి కూడా. కానీ ఈ రకం నత్తలకు ఒంటి నిండా, నోటి చుట్టూ జిగురు పొర ఉంటుంది. ఆ జిగురు వల్ల బాణాలు తక్కువగా పేలతాయి, పేలినవి కూడా లోపలికి దిగవు. లోపల జీర్ణనాళం గోడలకు గట్టి రక్షణ ఉంటుంది.

అసలు కిటుకు ఇంకొకటి. తిన్నవాటిలో ఇంకా పక్వానికి రాని కుట్టే సంచులు కూడా ఉంటాయి. అవి పేలే స్థితికి రాలేదు కాబట్టి కదలకుండా ప్రయాణం చేస్తాయి. వేలి కొసన గదిలో నత్త కణాలు వాటిని మింగి తమలో ఉంచుకుంటాయి. అక్కడ వాటి చుట్టూ ఆమ్లం పెరిగి, పక్వానికి వచ్చి, పేలడానికి సిద్ధమవుతాయి. అంటే పచ్చికాయలు కోసుకొచ్చి ఇంట్లో మాగబెట్టుకున్నట్టు. వేళ్లున్న ఇతర నత్తల మీద చేసిన పరిశోధనల్లో ఇది తేలింది.

దోచుకోవడం ఈ నత్తల బంధువుల్లో చాలావాటికి అలవాటే. ఎలీసియా అనే ఆకుపచ్చ రకాలు నాచును పీల్చి అందులోని హరితరేణువులను (పత్రహరితం ఉండే కణ భాగాలను) తమ ఒంట్లో దాచుకుంటాయి. ఆ వర్గంలో ఎలీసియా మార్జినాటా తన తలను తానే తెంచుకుని, ఒంట్లో 80 శాతానికి పైగా వదిలేసి, గుండెతో సహా కొత్త శరీరాన్ని సుమారు మూడు వారాల్లో పెంచుకుంటుందని 2021లో జపాన్ పరిశోధకులు ప్రకటించారు. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వనామి చెరువు · మంగళవారం, ఉదయం 6:05

ఇందుకూరుపేట మండలంలో నాకు రొయ్యల చెరువులున్నాయి. క్రీకు నీరే తోడుతాం. ఈ నత్త గానీ, దాని గుడ్లు గానీ నీళ్లతో వచ్చి రొయ్యలకు నష్టం చేస్తాయా? ఇప్పటికే తెల్లమచ్చ వ్యాధితో నలిగిపోయి ఉన్నాం, కొత్తది ఏదైనా వింటే గుండె ఝల్లుమంటుంది.

నెల్లూరు జంతుశాస్త్రం · మంగళవారం, ఉదయం 6:40

భయం వద్దు. ఇది నడి సముద్రపు జీవి. తేలే పోర్పిటాలు, ఫైసాలియాలు ఉంటేనే దానికి తిండి. చెరువులో తేలే జెల్లీ జీవులు లేవు, నీటిలో ఉప్పు శాతం కూడా పడిపోతూ ఉంటుంది, కాబట్టి బతకలేదు. రొయ్యల జోలికి రాదు. మీరు నీళ్లు వడకట్టి పెట్టుకునే పద్ధతి ఎలాగూ మానవద్దు, అది వేరే కారణాలకు అవసరం.

అండమాన్ లోతు · మంగళవారం, రాత్రి 10:50

మాది కోట మండలం, ఇప్పుడు శ్రీ విజయపురంలో (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఉంటున్నాను, ఈతగాళ్లను లోతుకు తీసుకెళ్లే పని. ఇక్కడి పగడపు దిబ్బల్లో ఈ నత్తల బంధువులను రోజూ చూస్తాను. రాత్రి వేళ ఎర్రటి స్పానిష్ డ్యాన్సర్ కనిపిస్తే శ్వాస బిగబట్టి చూస్తాం. అరచేతికంటే పెద్దది, 40 సెంటీమీటర్లు దాటేవి కూడా ఉన్నాయి. ఒంటి అంచులు విప్పి, అలలు అలలుగా ఊపుతూ ఈదుతుంటే కూచిపూడిలో కుచ్చెళ్లు విప్పినట్టు ఉంటుంది. రాతి మీద దాని గుడ్ల పట్టీ ఎర్ర గులాబీలా చుట్టుకుని ఉంటుంది. అది స్పంజికలు తిని, వాటి విషాన్ని తన ఒంట్లో, గుడ్లలో దాచుకుంటుంది.

ఇక్కడ నాకు అర్థమైనది ఒకటి. దిబ్బల మీది చాలా నత్తలకు రంగు "నన్ను తినకు" అనే హెచ్చరిక. ఎరుపు, పసుపు, ఊదా, చారలు, చుక్కలు. దాక్కోవాలన్న తొందర లేదు. మీరు చూసిన నీలిది నడి సముద్రంలో తేలుతుంది, దాక్కోవడానికి రాయి లేదు, నాచు లేదు. అక్కడ రంగే దాని దాపరికం. మనకు ఒడ్డున అంత అందంగా కనిపించిన రంగు, దాని చోట దానికి కనిపించకుండా ఉండడానికి పనికొచ్చేది. మన నెల్లూరు, ప్రకాశం తీరం అంతా ఇసుక కాబట్టి ఇక్కడి రంగుల నత్తలు అక్కడ దొరకవు. గాలి తెచ్చి పెట్టే ఈ తేలే జీవులే మనకు అదృష్టం.

సింగరాయకొండ రైలు · బుధవారం, ఉదయం 8:15

అందంగా ఉంది కదా, అక్వేరియంలో పెంచవచ్చా? మా అక్క కూతురు అడుగుతోంది.

నత్తగుల్ల · బుధవారం, ఉదయం 8:44

వద్దు, దయచేసి వద్దు. దాని తిండి బతికి ఉన్న ఫైసాలియాలు, పోర్పిటాలు. అవి దొరకకపోతే ఆకలితో తోటి నత్తలనే తింటుంది. తొట్టి గోడకు కొట్టుకుని వేళ్లు రాలిపోతాయి. దానికి అంచు అంటే ఏమిటో తెలియదు, సముద్రంలో అంచు ఉండదు కదా.

పెన్నా గట్టు · బుధవారం, రాత్రి 7:30

మాస్టారూ, ఈ పౌర్ణమికి మేం మైపాడు వెళుతున్నాం. పిల్లలు ఐదుగురు. తగిలితే ఏం చేయాలో చెప్పండి. మా ఇంట్లో అయితే ఇసుకతో రుద్దాలని ఒకరు, మంచినీళ్లతో కడగాలని ఒకరు వాదించుకుంటున్నారు.

నెల్లూరు జంతుశాస్త్రం · బుధవారం, రాత్రి 8:02

రెండూ చేయకండి. రుద్దితే పేలనివి పేలతాయి. చల్లటి మంచినీళ్లు కూడా వాటిని రెచ్చగొడతాయి. ముందు సముద్రపు నీళ్లతోనే కడగండి. చర్మానికి దారాలు అతుక్కుని ఉంటే వేళ్లతో కాకుండా, ఏదైనా చీటీ అంచుతోనో, పట్టకారుతోనో తీయండి. ఆ తర్వాత తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. నీళ్లు కాలేలా ఉండకూడదు, పెద్దవాళ్లు ముందు తమ చెయ్యి పెట్టి చూసుకోవాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా, వాంతులైనా ఆగకుండా ఆసుపత్రికి. చచ్చి ఎండిపోయినదాన్ని కూడా పిల్లలు ముట్టుకోకూడదు, కుట్టే సంచులు జీవి చనిపోయాక కూడా పనిచేస్తాయి.

2025 ఆగస్టులో స్పెయిన్‌లోని గ్వార్దమార్ దెల్ సెగూరా పట్టణంలో ఈ నత్తలు కనిపించాయని స్నానాలు నిలిపివేశారు. మనం అంత దూరం వెళ్లనక్కర్లేదు. చూసి నడవండి, పిల్లలకు చూపించండి, చేత్తో తాకనివ్వకండి. నలిపేయడం మాత్రం వద్దు. వాటిని మనం పిలవలేదు, అవి కూడా కావాలని రాలేదు.

కొత్తపట్నం దారి · గురువారం, రాత్రి 9:30

మాస్టారూ, ఇంకా ఒక్క సంగతి తేలలేదు. మేం వదిలినది బతికి ఉంటుందా?

నెల్లూరు జంతుశాస్త్రం · గురువారం, రాత్రి 9:52

అమ్మా, అబద్ధం చెప్పలేను. అది అలలకు ఎదురీదలేదు. గాలి ఒడ్డు వైపే వీస్తూ ఉంటే మళ్లీ ఇసుక మీదికే వచ్చి ఉంటుంది. మీరు దానికి ఇంకో అవకాశం ఇచ్చారు, మనుషులు చేయగలిగింది అంతవరకే. మీ అబ్బాయికి మాత్రం ఇలాగే చెప్పండి. తొమ్మిదేళ్ల వాడికి నిజం చెప్పవచ్చు.

నత్తగుల్ల · గురువారం, రాత్రి 10:10

అక్కా, మీ రెండో ఫొటో పెద్దది చేసి చూడగలరా? ఇలాంటి నీలి తేలే నత్తల్లో దగ్గరి బంధువులు ఉన్నాయి, మార్జినాటస్ రకాలు, ఇంకా చిన్నవి. గ్లాకస్ అట్లాంటికస్‌కు ఒక్కో రెక్క మీద వేళ్లు ఒకే వరుసలో విసనకర్రలా ఉంటాయి. వాటికి ఒకదాని మీద ఒకటి వరుసలుగా ఉంటాయి. నాకు పంపిన ఫొటో చిన్నది, సరిగా కనిపించడం లేదు.

కొత్తపట్నం దారి · శనివారం, సాయంత్రం 4:20

అబ్బాయే చూశాడు. కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి, కాగితం మీద రెక్కలు గీసి, ఒక్కో వేలు లెక్కపెట్టాడు. ఒకే వరుస. ఒక పక్క పెద్ద రెక్కకు పద్దెనిమిది. అవతలి పక్క పద్నాలుగే, కొన్ని రాలిపోయాయేమో అంటున్నాడు. మాస్టారుగారి మాట వాడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "గుడ్లు పెట్టేసి ఉంటుంది కదా" అన్నాడు. ఆడదో మగదో తెలుసా అని కూడా అడుగుతున్నాడు.

నత్తగుల్ల · శనివారం, సాయంత్రం 5:00

వాడి కాగితం ఫొటో తీసి పెట్టండి అక్కా, మా తరగతిలో చూపిస్తాను. ఒకే వరుస అయితే మాస్టారుగారు చెప్పిన పేరే ఖాయం. ప్రతి నత్తా ఆడా మగా రెండూ. జతకట్టాక రెండూ గుడ్లు పెడతాయి. నడి సముద్రంలో గుడ్లు పెట్టడానికి నేల ఉండదు, కాబట్టి తిని వదిలేసిన పోర్పిటా బిళ్ల మీదో, తేలే పుల్ల మీదో సన్నటి గుడ్ల దండలు అంటిస్తాయి. మీరు ఆ రోజు తీసిన నీలి బిళ్లల ఫొటోలున్నాయా?

కొత్తపట్నం దారి · శనివారం, సాయంత్రం 5:35

ఒకటి ఉంది, పెట్టాను. బిళ్ల అంచున తెల్ల దారంలాంటిది కనిపిస్తోంది. గుడ్లేనా?

నత్తగుల్ల · శనివారం, సాయంత్రం 6:12

ఫొటోలో గుడ్ల దండనూ, తెగిపోయిన కుచ్చునూ వేరు చేయడం కష్టం. భూతద్దంతో చూడాలి. దండ అయితే లోపల వరుసగా గింజల్లా కనిపిస్తాయి.

తుమ్మలపెంట వల · శనివారం, రాత్రి 7:45

నిన్నటి నుంచి మళ్లీ తూర్పు గాలి వీస్తోంది. రేపు తెల్లవారుజామున అలివి వల వేస్తున్నాం. బాబును తీసుకుని కావలి దాకా రైల్లో రండమ్మా, స్టేషన్‌కు మా తమ్ముడు ఆటో తెస్తాడు. వలలో పడిన నీలి బిళ్లలను ఈసారి దులపకుండా ఉంచుతాను. భూతద్దం మీరు తెచ్చుకోండి, బకెట్‌లో సముద్రపు నీళ్లు నేను పట్టి పెడతాను.